చెక్కతో వైపీ ఇంజను: వానలు మొదలయ్యాక చక్రాలు పట్టేస్తున్నాయి

మీటర్‌గేజ్_మిత్ర
1:24 స్కేల్లో వైపీ ఇంజను, అంటే పాత మీటర్ గేజ్ ఆవిరి ఇంజను, చెక్కతో కడుతున్నాను. ఫ్రేము, ఆరు పెద్ద చక్రాలు, ఒక్కో పక్క చక్రాలను కలిపే కప్లింగ్ రాడ్లు అయ్యాయి. మోటారు పెట్టను. చేత్తో తోస్తే చక్రాలూ రాడ్లూ తిరగాలి, అది చాలు. అంతా టేకే, 6 మిల్లీమీటర్ల ఇరుసులతో సహా.

మే నెలలో వేలితో తోస్తే గది ఆ చివరికి వెళ్లేది. వానలు పట్టిన దగ్గర్నుంచి అర చుట్టు తిరిగి ఆగిపోతోంది. గట్టిగా తోస్తే రాడ్డు విరిగేలా ఉంది. ఒక చక్రాన్ని వెర్నియర్‌తో కొలిచాను. ఒక దిక్కున 57, దానికి అడ్డంగా 57.5. టేకు కదలదనే కదా అందరూ చెప్తారు? కలప డిపోలో కూడా బాగా ఆరిన చెక్క అనే ఇచ్చారు.

ఇప్పుడు చక్రాలు మళ్లీ కోయాలా? ఇత్తడికి మారిపొమ్మని ఒక ఫ్రెండ్ అంటున్నాడు కానీ నాకు మనసొప్పడం లేదు. మా నాన్న కాచిగూడ–మన్మాడ్ లైన్లో ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేశారు. ఆయన గదిలో పెట్టడానికే ఇది. మొత్తం చెక్కలోనే రావాలని నా పట్టుదల.

ఉలి_సుత్తి
ఇరుసులు కూడా చెక్కవేనా? నా అనుమానం అక్కడే. రాడ్లు విప్పేసి ఒక్కో జత చక్రాలు విడిగా తిప్పి చూడండి.

డబ్ల్యూపీ_వీరాభిమాని
అసలు వైపీ ఎందుకన్నా, డబ్ల్యూపీ కట్టాల్సింది. ఆ బుల్లెట్ ముక్కు, దాని మీద నక్షత్రం! 1947లో అమెరికా నుంచి మొదటివి దిగినప్పటి నుంచీ దాన్ని మించిన అందగత్తె మన పట్టాల మీద తిరగలేదు.

లాలాగూడ_పెన్షనర్
బాబూ వీరాభిమానీ, కాచిగూడ నుంచి మన్మాడ్ దాకా అప్పట్లో మీటర్ గేజ్, పట్టాల మధ్య మీటరే. నీ అందగత్తె వెడల్పు పట్టాల బ్రాడ్ గేజ్ మనిషి, ఆ లైన్లోకి అడుగే పెట్టలేదు. వైపీలు 870 పైచిలుకు తయారయ్యాయి. మీటర్ గేజ్ ప్యాసింజర్లు, ఎక్స్‌ప్రెస్‌లు లాగింది ఎక్కువగా అవే. నాన్నగారు ఎక్కిన ఇంజనే కట్టాలి కదా. మంచి పని చేస్తున్నావు మిత్రా.

తరిమెన
టేకు కదలదనడం తప్పు. తక్కువ కదులుతుంది, అంతే. కదలని చెక్కంటూ లేదు.

చెక్క గాలిలో తేమ పీల్చుకుంటే ఉబ్బుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. అయితే అన్ని వైపులా ఒకేలా కాదు. గీర, అంటే చెక్క పీచు సాగే దిక్కు, దాని పొడవునా దాదాపు ఏమీ ఉండదు. గీరకు అడ్డంగానే కదలిక. అందులోనూ చెట్టు వలయాల వెంబడి ఎక్కువ, వలయాలకు అడ్డంగా, అంటే మధ్య నుంచి బెరడు వైపు, అందులో సుమారు సగం. మే నెలలో మన హైదరాబాద్ ఎండకు చెక్క ఎంత ఆరిపోతుందో, జూలైలో గాలి ఎంత చెమ్మగా ఉంటుందో తెలిసిందే. ఆ తేడాకి పలకలో అడ్డదిక్కున నూటికి ఒక వంతు పెరిగినా ఆశ్చర్యం లేదు. 57 మిల్లీమీటర్ల చక్రంలో అది అర మిల్లీమీటరు పైమాటే. మీ వెర్నియర్ చెప్పిందీ అదే. మీ కోతలో లోపం లేదు, డిపో వాళ్లు అబద్ధం చెప్పనూ లేదు. పలకలోంచి గుండ్రంగా కోసిన ఏ చక్రమైనా వానాకాలంలో కోలగా అవుతుంది.

ఎల్బీనగర్_మేకర్
ఇంత టెన్షన్ ఎందుకు బ్రో. ఎండీఎఫ్ (చెక్క పీచు అతికించి నొక్కిన) షీట్ తీసుకుని లేజర్ కటింగ్‌కి ఇస్తే సాయంత్రానికి ఆరు చక్రాలూ చేతికొస్తాయి, స్పోక్‌లతో సహా. గీర గొడవే ఉండదు.

ఉలి_సుత్తి
ఎండీఎఫ్‌కి గీర లేదు, నిజమే. కానీ అంచున తడి తగిలితే మందం ఉబ్బి మళ్లీ దిగదు. సన్నని స్పోక్ గోరు తగిలినా పెచ్చులూడుతుంది. లేజర్‌తో కాలిన అంచుకి జిగురు కూడా సరిగ్గా పట్టదు, ముందు సాండ్ పేపర్‌తో ఆ నలుపంతా తీయాలి.

ఎల్బీనగర్_మేకర్
నేను చేసినవి మూడు వానాకాలాలు చూశాయి అన్నా, ఏమీ కాలేదు. సీలర్ కొట్టుకోవాలి, అంతే.

ఉలి_సుత్తి
షోకేసులో ఉన్నవా, చేతిలో తిరిగేవా?

ఎల్బీనగర్_మేకర్
షోకేసులోవే 🙂

పద్మజ_మల్కాజిగిరి
మిత్ర గారూ, చక్రాల మీద కోపం కాసేపు పక్కన పెట్టండి. అంచు అర మిల్లీమీటరు కోలగా ఉంటే బండి కొంచెం ఊగుతుంది, ఆగిపోదు. ఆపేది ఇరుసో, రాడ్డో అయ్యుంటుంది. ఏదో తెలియకుండా కొత్త చక్రాలు కోస్తే మళ్లీ ఇదే కథ. ఇలా చూడండి.

మొదట ఉలి_సుత్తి గారు చెప్పినట్టు రాడ్లన్నీ తీసేసి ఒక్కో ఇరుసు తిప్పండి. బరువుగా తిరిగితే ఇరుసు ఉబ్బి రంధ్రంలో బిగుసుకున్నట్టు.

తర్వాత ఒక పక్క రాడ్డు మాత్రమే తగిలించి తిప్పండి. క్రాంక్ (ఇరుసు నుంచి రాడ్డు తగిలే పిన్ దాకా ఉండే చేయి) సరిగ్గా ముందుకో వెనక్కో ఉన్న చోట, అంటే రాడ్డూ క్రాంకూ ఒకే గీతలోకి వచ్చే చోట పట్టేస్తే, రాడ్డు రంధ్రాల మధ్య దూరమూ ఇరుసుల మధ్య దూరమూ కలవట్లేదు. ఒక పక్క రాడ్డుతో హాయిగా తిరిగి, రెండో పక్కది కూడా పెట్టగానే పట్టేస్తే అది క్వార్టరింగ్ తేడా.

అదేమిటో తెలియని వాళ్ల కోసం: ఇంజనుకి ఒక పక్క క్రాంక్ పైన ఉన్నప్పుడు రెండో పక్కది పావు చుట్టు ముందో వెనకో ఉంటుంది. రెండు పక్కలా ఒకేసారి పిస్టన్ చివరికి చేరితే ఇంజను కదలలేదు కాబట్టి అలా పెట్టారు. మోడల్లో మూడు ఇరుసులకీ ఆ కోణం ఒకేలా ఉండాలి. సరిగ్గా 90 డిగ్రీలు కాకపోయినా నడుస్తుంది. మూడూ ఒకలాగే 88 ఉన్నా ఇబ్బంది లేదు. ఒకటి 90, ఇంకోటి 87 అయితే మాత్రం పట్టేస్తుంది.

బోగీ_నంబర్_ఏడు
పద్మజ గారూ, 88 అయినా పర్వాలేదన్న మాట నాకు కొత్త. కొన్నాళ్లుగా కచ్చితమైన 90 కోసం కుస్తీ పడుతున్నాను. థాంక్స్ అండీ.

మీటర్‌గేజ్_మిత్ర
పద్మజ గారు చెప్పినట్టే చూశాను. మధ్య ఇరుసు బిగుసుకుంది, మిగతా రెండూ పర్వాలేదు. ఎడమ రాడ్డుతో తిరుగుతోంది, కుడి రాడ్డుతో కూడా తిరుగుతోంది. రెండూ కలిపి పెడితే ఆగిపోతోంది. అంటే క్వార్టరింగే కదా? మే నెలలో బాగున్నది ఇప్పుడెలా మారింది?

పద్మజ_మల్కాజిగిరి
మధ్య ఇరుసు పట్టేసినప్పుడు గట్టిగా తోశానన్నారు కదా. ఆ బలానికి చక్రం ఇరుసు మీద జారి ఉంటుంది. చక్రాన్ని ఇరుసుకి ఎలా బిగించారు?

మీటర్‌గేజ్_మిత్ర
గుండ్రని ఇరుసు, గుండ్రని రంధ్రం, కొంచెం ఫెవికాల్.

తరిమెన
దొరికింది. గుండ్రని ఇరుసు చివర రెండు మిల్లీమీటర్లు పలకగా చెక్కి, చక్రం రంధ్రం కూడా అదే ఆకారంలో కోస్తే జారదు. అది కష్టమనుకుంటే చక్రం బిగించాక ఇరుసుకీ చక్రానికీ మధ్య అతుకు మీద సన్నని రంధ్రం వేసి వెదురు మేకు కొట్టండి. వెదురు పీచు చాలా గట్టిది. అగరుబత్తి పుల్ల కూడా సరిపోతుంది.

గోషామహల్_గీర
ఏటికొప్పాక నుంచి తరిమెన (చెక్కను తిప్పుతూ చెక్కే లేత్) పట్టిన చక్రాలు తెప్పించుకోవచ్చు కదా? అంకుడు కర్ర నునుపు వేరే చెక్కకి రాదు. తిరిగే చెక్క మీద లక్క కడ్డీ ఒత్తితే ఆ రాపిడి వేడికే రంగు పట్టేస్తుంది, తర్వాత మొగలి ఆకుతో మెరుగు. కళ్లు తిప్పుకోలేం.

తరిమెన
పొగగొట్టానికీ బాయిలర్ మీది డోముకీ అంకుడును మించింది లేదు, తప్పకుండా తెప్పించండి. స్పోక్‌ల చక్రానికి మాత్రం వద్దు. కొమ్మ పొడవునా తరిమెన పట్టి అడ్డంగా కోస్తే గీర ఇరుసు వెంబడి ఉంటుంది. అందులో స్పోక్‌లు కోస్తే ప్రతి స్పోకూ గీరకు అడ్డంగా వచ్చి పుటుక్కున విరుగుతుంది. స్పోక్‌లు లేని బొమ్మ చక్రానికి ఆ బాధ లేదు.

నిర్మల్_నాగలి
మా వైపు పొనికి చెక్క గురించి ఎవరూ అనరేం? తేలిక, చాకుతో కోస్తే మెత్తగా దిగుతుంది.

ఉలి_సుత్తి
పొనికితో క్యాబిన్లో నిలబడే డ్రైవర్, ఫైర్‌మన్ బొమ్మలు చెక్కించండి, ప్రాణం పోసుకుంటాయి. రాడ్లకూ చక్రాలకూ అంత మెత్తనిది ఆగదు. కొండపల్లిలో అదే జాతి చెక్కను రంపపు పొట్టు, చింతగింజల పొడి కలిపిన మక్కుతో అతుకుతారు. బొమ్మ చేయి, టోపీ లాంటివి పెట్టడానికి ఆ మక్కు ఇప్పటికీ బ్రహ్మాండం.

మీటర్‌గేజ్_మిత్ర
ఫైర్‌మన్ బొమ్మ ఆలోచన చాలా నచ్చింది. నిర్మల్ వెళ్లినప్పుడు అడుగుతాను.
చక్రాల సంగతి తేల్చండి. ప్లైవుడ్‌తో కోస్తే కోలగా అవ్వదా?

తరిమెన
ప్లైలో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి కదలనివ్వవు. కొంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై కొనండి. మామూలు ప్లైలో లోపల ఖాళీలుంటాయి, స్పోక్ సరిగ్గా అక్కడే వస్తే పోయినట్టే.

గోషామహల్_గీర
ప్లైవుడ్ అంచు చూడ్డానికి బాగోదు. టేకు ఇంజనుకి ప్లై చక్రాలు పెడితే ఆ గీతలు కనిపిస్తూనే ఉంటాయి. నేనైతే పెట్టను.

పద్మజ_మల్కాజిగిరి
అయితే టేకుతోనే ప్లై చేసుకోండి. ఒకటిన్నర మిల్లీమీటర్ల పలకలు రెండు, మూడు మిల్లీమీటర్లది ఒకటి. మందమైనది మధ్యలో అడ్డంగా, సన్నవి రెండూ నిలువుగా. రెండు దిక్కులా చెక్క సమానం, రెండు ముఖాలూ ఒకేలా ఉంటాయి కాబట్టి వంకర కూడా పోదు. అతికించి రాత్రంతా బరువు కింద ఉంచి, ఆ తర్వాత గుండ్రంగా కోయాలి. పైన కనిపించేది టేకే. అంచున సన్నని పొర చుడితే టైరు లాగా కూడా ఉంటుంది.

గోషామహల్_గీర
ఇది ఒప్పుకుంటాను.

డబ్ల్యూపీ_వీరాభిమాని
నేనూ నోట్ చేసుకున్నా. 1:32లో డబ్ల్యూపీ చక్రం 53 మిల్లీమీటర్లు వస్తుంది, దానికీ ఇదే పద్ధతి. వెనక బొగ్గూ నీళ్లూ మోసే టెండర్‌తో కలిపి పొడవు 74 సెంటీమీటర్ల దాకా. మా ఆవిడ టీవీ స్టాండ్ కొలత అడుగుతోంది.

మీటర్‌గేజ్_మిత్ర
వైపీ 1:24లో 79 దాకా వస్తోంది. మీ ఇంట్లో బతికిపోయారు.

రాణీగంజ్_రంపం
1:24 ఎందుకు పెట్టుకున్నారు? 45 మిల్లీమీటర్ల గేజ్ పట్టాలు రెడీమేడ్‌గా దొరుకుతాయి. మీటర్ గేజ్‌ని 45కి తెస్తే 1:22.5 దగ్గరికొస్తుంది. చక్రం 61. ముందుముందు పట్టాల మీద నడపాలనిపిస్తే?

మీటర్‌గేజ్_మిత్ర
పట్టాల ఆలోచన లేదు. అడుగులు, అంగుళాల పాత కొలతలకి 24 సుఖం, అడుగుకి అర అంగుళం. 4 అడుగుల 6 అంగుళాల చక్రం రెండుంబావు అంగుళాలు. నాన్న కొలతలన్నీ అడుగుల్లోనే చెప్తారు.

లాలాగూడ_పెన్షనర్
ఆ 4 అడుగుల 6 అంగుళాలు కొత్త టైరుకి. పట్టా మీద అరిగినప్పుడల్లా వర్క్‌షాపులో లేత్ పట్టి టైరును మళ్లీ సరిచేస్తారు. ప్రతిసారీ వ్యాసం కొంత తగ్గుతుంది. కాబట్టి అర మిల్లీమీటరు గురించి నిద్ర మానుకోకు. ఒక ఇంజనులో కలిపి నడిచే చక్రాలన్నీ ఒకే కొలతలో ఉండాలి, అది మాత్రం మేం కచ్చితంగా చూసేవాళ్లం. నువ్వూ ఆరు చక్రాలూ ఒకే రోజు, ఒకే పలకలోంచి కొయ్యి.

బోగీ_నంబర్_ఏడు
సార్, చక్రంలో ఒక పక్క నిండుగా ఉండే చంద్రవంక ముక్క ఎటువైపు రావాలి? ఫోటోల్లో ఒక్కోసారి పైన, ఒక్కోసారి కింద కనిపిస్తోంది.

లాలాగూడ_పెన్షనర్
క్రాంక్ పిన్‌కి ఎదురుగా. రాడ్ల బరువుకి సరితూగడానికి పెట్టిందది. చక్రం ఎటు తిరిగి ఆగితే అటు కనిపిస్తుంది. పిస్టన్ వైపు నుంచి వచ్చే కనెక్టింగ్ రాడ్ తగిలే చక్రం ఎక్కువ బరువు మోయాలి కాబట్టి అక్కడ అది పెద్దదిగా ఉంటుంది. ఆరింటికీ ఒకే సైజు పెట్టకండి, తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు.

పద్మజ_మల్కాజిగిరి
రాడ్ల గురించి ఒక మాట. గీర తప్పనిసరిగా రాడ్డు పొడవునా ఉండాలి, లేకపోతే చివరి రంధ్రం దగ్గర చీలుతుంది. రంధ్రాలు వేసేటప్పుడు ఫ్రేము పలకలు రెండూ, రాడ్లు రెండూ, నాలుగూ కలిపి క్లాంపు బిగించి ఒకేసారి డ్రిల్ చేయండి. అప్పుడు ఇరుసుల దూరం, రాడ్డు దూరం ఒకటే అవుతాయి, కొలిచే పనే లేదు. తర్వాత ఫ్రేములో ఇరుసు రంధ్రాలు పెద్దవి చేసుకోవచ్చు. క్వార్టరింగ్‌కి ఒక చెక్క దిమ్మ మీద ఇరుసు కూర్చునే గాడి కోసి, ఎడమ క్రాంక్ పిన్ ఒక మేకుకి, కుడిది ఇంకో మేకుకి ఆనేలా చేయండి. మూడు ఇరుసులూ అదే దిమ్మలో బిగిస్తే కోణం మూడింటికీ ఒకటే.

రాణీగంజ్_రంపం
పాత టేకు కావాలంటే జుమ్మేరాత్ బజార్‌లో విరిగిన తలుపులు, కిటికీలు వెతకండి. ఏళ్ల తరబడి ఆరిన చెక్క. కోసే ముందు అయస్కాంతం తిప్పి చూడండి, లోపల మేకులుంటే రంపం పళ్లు పోతాయి.

తరిమెన
మంచి సలహానే. అయితే పాత చెక్క కూడా తేమ పీలుస్తుంది. మెలితిరగడం, పగలడం తక్కువ, అంతవరకే. పాలిష్ కూడా అంతే. రెండు వైపులా సమానంగా స్పిరిట్ పాలిష్ వేస్తే తేమ నెమ్మదిగా లోపలికి వెళ్తుంది, పూర్తిగా ఆగదు. అందుకే తిరిగే ప్రతి చోటా కొంచెం ఖాళీ వదలాలి. 6 మిల్లీమీటర్ల ఇరుసుకి 6.3 రంధ్రం. నూనె వద్దు, చెక్క ఉబ్బుతుంది. కొవ్వొత్తి మైనం రుద్దండి, పెన్సిల్ గ్రాఫైట్ పొడి అయినా సరే.

ఉలి_సుత్తి
ఖాళీ సరే, నాలుగు రోజులు తిప్పాక చెక్క రంధ్రం చెక్క పిన్ను తిని ఇంకా వదులవుతుంది. ఇత్తడి గొట్టం చిన్న ముక్కలు కోసి రంధ్రాల్లో బుష్షులుగా, అంటే లోపలి తొడుగులుగా, పెట్టాల్సిందే. ఇరుసులు కూడా స్టీలు కడ్డీ పెట్టేయండి. మిత్ర గారికి నచ్చకపోయినా నా మాట ఇదే.

గోషామహల్_గీర
చెక్క ఇంజను అని చెప్పి లోపల లోహం పెడితే అది చెక్క ఇంజను ఎలా అవుతుంది? ఆయన కోరిక వినండి. రోజ్‌వుడ్ ఇరుసులు, వెదురు పిన్నులు పెడితే ఏళ్లకేళ్లు తిరుగుతుంది.

ఉలి_సుత్తి
నాన్నగారు రోజూ చేతిలోకి తీసుకుని తిప్పుతారనుకుంటే? తిప్పకుండా ఉంటారా?

లాలాగూడ_పెన్షనర్
మీ ఇద్దరి మధ్యకీ రావచ్చా? అసలు ఇంజనులో కప్లింగ్ రాడ్డు స్టీలు, దాని చెవిలో కంచు బుష్షు. షెడ్డు వదిలే ముందు రాడ్ల చుట్టూ నూనె డబ్బాతో తిరగడమే ఒక పెద్ద పని. రాడ్డుదొక లోహం, బుష్షుదొక లోహం. అరిగితే బుష్షు అరగాలి, రాడ్డు మిగలాలి. చెక్క రాడ్డులో ఇత్తడి బుష్షు పెట్టడం మోసం కాదు, ఇంజను కట్టిన పద్ధతే అది.

మీటర్‌గేజ్_మిత్ర
పెన్షనర్ సార్ రాసింది నాన్నకి చదివి వినిపించాను. "బుష్షు లేకుండా రాడ్డు ఏంట్రా" అన్నారు, అదేదో నాకు ముందే తెలిసి ఉండాలన్నట్టు. కాబట్టి రాడ్లు రోజ్‌వుడ్, బుష్షులు ఇత్తడి. ఇరుసులు మాత్రం చెక్కవే ఉంచుతాను, రోజ్‌వుడ్‌వి, 6.3 రంధ్రాల్లో, వెదురు మేకులతో. గీర గారూ, మీ మాట సగం నిలబెట్టాను.

గోషామహల్_గీర
నాన్నగారే చెప్పాక ఇంకేముంది. రాడ్లు రోజ్‌వుడ్ అన్నారు, అది చాలు.

బోగీ_నంబర్_ఏడు
నాన్నగారిని క్యాబిన్ లోపల ఏమేం ఉండేవో అడగండి ప్లీజ్. ఫోటోల్లో లోపలంతా చీకటే.

మీటర్‌గేజ్_మిత్ర
అడిగాను, గంటసేపు చెప్పారు. ఫైర్‌హోల్ తలుపు, దాని పైన బాయిలర్‌లో నీళ్ల మట్టం చూపించే గేజ్ గ్లాసులు రెండు, ప్రెషర్ గేజ్, ఆవిరిని అదుపు చేసే రెగ్యులేటర్ పిడి, నీళ్లు ఎక్కించే ఇంజెక్టర్లు రెండు. గేజ్ గ్లాసు మీంచి ఆయన చూపు మరలేది కాదట. నీళ్లు తగ్గి ఫైర్‌బాక్స్ పైకప్పు బయటపడితే అందులోని సీసం ప్లగ్గు కరిగి ఆవిరి మంట మీదికి దూకుతుంది, ఆ గండం రాకుండా చూడటమే ఫైర్‌మన్ పని అన్నారు. అందుకే గేజ్ గ్లాసులు మాత్రం చెక్కతో చేయను. వాడేసిన పెన్ను రీఫిల్ గొట్టం కడిగి పెడతాను, పారదర్శకంగా ఉంటుంది.

లాలాగూడ_పెన్షనర్
నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు. పారకి కూడా చోటు ఉంచు, పిడి బాగా నున్నగా చెయ్యి.

ఎల్బీనగర్_మేకర్
బ్రో, గేజ్‌ల ముఖాలు కాగితం మీద ప్రింట్ చేసి ఇస్తా. 1:24కి తగ్గించి. డబ్బులేం వద్దు.

మీటర్‌గేజ్_మిత్ర
చాలా సంతోషం తమ్ముడూ. ఒక ఫోటో పంపుతాను.
చివరిగా ఒకటి. టెండర్లో బొగ్గు చెక్కతో చేసి నల్లరంగు వేయాలా, నిజం బొగ్గే వేయాలా?

తరిమెన
చెక్క ముక్కలకి ఆ మెరుపు రాదు. నిజందే వేయండి.

రాణీగంజ్_రంపం
ఇస్త్రీ బండి దగ్గర అడిగితే ఇస్తారు.

లాలాగూడ_పెన్షనర్
ఇస్త్రీ బండిది కట్టెబొగ్గు, వద్దు. మసి రాలుతుంది, మెరవదు. రాతి బొగ్గు కావాలి. కొత్తగూడెం, మంచిర్యాల వైపు చుట్టాలెవరైనా ఉంటే సింగరేణి బొగ్గు ఒక గుప్పెడు తెమ్మను. మేం మంటలో వేసే ముందు పెద్ద పెళ్లలు సుత్తితో కొట్టి పిడికిలంత చేసేవాళ్లం. దాన్ని 24తో భాగిస్తే కందిగింజంత ముక్కలు కావాలి. గుడ్డలో మూటగట్టి కొట్టి, జల్లెడ పట్టి, పొడి పారెయ్యి. ఫెవికాల్‌లో నీళ్లు కలిపి పరిచిన బొగ్గు మీద చుక్కలు చుక్కలుగా వదిలితే కదలకుండా నిలుస్తుంది, ఆరాక మెరుపు కూడా పోదు.

నిర్మల్_నాగలి
మంచిర్యాలలో మా బావ ఉన్నాడు. దసరాకి వస్తున్నా, ఒక డబ్బా తెస్తాను. ఎక్కడ ఇవ్వాలో మెసేజ్ పెట్టండి.